సీదా పెట్టిన బండి

రోడ్డు మీద టిప్పర్ లారీ ఎదురైతే మీరందరూ పక్కకు తప్పుకుని తిట్టుకుంటారు. దుమ్ము, హారన్, వెనక నుంచి రాలే కంకర. నేనూ తిట్టుకుంటాను. కాకపోతే తిడుతూనే మునివేళ్ళ మీద లేచి క్యాబిన్‌లోకి తొంగి చూస్తాను. స్టీరింగు పక్కన అరచేతి కంటే కాస్త పెద్ద తెర ఉందా, ఆ తెరలో బుల్లి టిప్పర్ బొమ్మ ఉందా అని. ఉంటే ఆ రోజంతా నా నడకే మారిపోతుంది. మా వారు గుమ్మంలోనే కనిపెట్టేస్తారు. "ఏంటి, ఇవాళ కనిపించిందా?" అంటారు.

ఆ బొమ్మ సంగతే ఇది. ఇలాంటి పనుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నీతులు చెప్పే ఉద్దేశం నాకు లేదు. మేం గెలిచాం, ఆ గెలుపు గురించి నలుగురికీ చెప్పుకోకపోతే నాకు అన్నం సయించదు.

నేను గోదావరి జిల్లాలో పుట్టి, పెళ్ళయ్యాక కూకట్‌పల్లి వచ్చి పడ్డదాన్ని. ఉద్యోగం మొదలుపెట్టింది డ్రాయింగు బోర్డు మీద యంత్రాల బొమ్మలు గీయడంతో. తర్వాత బోర్డు పోయి కంప్యూటరు వచ్చింది. బల్లలు మారాయి, ఆఫీసులు మారాయి, చివరికి హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనంలో చిన్న కంపెనీలో కుదురుకున్నాను. ఎక్కడున్నా నేను చేసింది ఒకటే, బొమ్మలు గీయడం. గీసినవాటిలో కొన్ని పరాయి దేశాల్లో ఎవరి యంత్రాల్లోనో చేరిపోయాయి, చాలావరకు మధ్యలోనే ఆగిపోయాయి. మా అమ్మాయి చిన్నప్పుడు "అమ్మా, నువ్వు చేసింది ఒక్కటి చూపించు" అని అడిగితే వేలు పెట్టి చూపించడానికి ఏమీ ఉండేది కాదు. రిటైర్మెంటు దగ్గరపడుతున్న కొద్దీ ఆ మాట నన్ను బాగా పీకేది.

అలాంటి సమయంలో ఈ టిప్పర్ పని వచ్చింది. టిప్పర్ వెనక తొట్టి పైకి లేపితేనే కదా మట్టి కింద పడేది. తొట్టి లేచినప్పుడు బరువంతా పైకి పోతుంది. అప్పుడు నేల ఒక పక్కకు వాలి ఉంటే బండి బండే పడిపోతుంది. అందుకని ఆ ప్రమాదాన్ని ముందే చూపించే తెర చేసిపెట్టమని లారీలు తయారుచేసే కంపెనీ ఒకటి మమ్మల్ని అడిగింది. బండి కింద ఒక చిన్న పెట్టె బిగిస్తాం, అందులో సెన్సార్లు ఉంటాయి. బండి ఎటు వాలిందో అవి చెబుతాయి. అది చూసి తెర మీద బొమ్మ టిప్పర్ కూడా అలాగే వాలాలి. ప్రమాదం లేకపోతే బొమ్మ పచ్చగా ఉంటుంది, జాగ్రత్త అంటే పసుపు, తొట్టి లేపొద్దు అంటే ఎరుపు. డ్రైవరు ఒక్క చూపు చూస్తే చాలు.

ఈ పనికి మేం ముగ్గురం. సెన్సారు లెక్కలన్నీ చూసేది సిద్దిపేట వైపు మనిషి. నాకంటే చాలా చిన్నవాడు, లెక్కలో దిట్ట, నోట్లో మాట ఆగదు. ఆయన్ని లెక్కలాయన అందాం. బొమ్మను కదిలించేది చందానగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి. చదువు పూర్తి చేసి అప్పుడే చేరింది. ఆ ఇద్దరి మధ్యా నేను, ఆయన లెక్కలు తెచ్చి ఈ అమ్మాయి బొమ్మకు తొడగడం, తేడా వస్తే ఇద్దరినీ సాధించడం నా పని. నా ఆఖరి పనీ, ఆ అమ్మాయి మొదటి పనీ ఒకటే అయింది.

మొదట్లో మా బొమ్మ టిప్పర్‌కి చలిజ్వరం వచ్చినట్టుండేది. ఎందుకో చెబుతాను, తేలిగ్గానే ఉంటుంది. ఆ పెట్టెలో రెండు రకాల సెన్సార్లు ఉంటాయి. ఒకటి భూమి ఎటు లాగుతోందో చెబుతుంది. అది మా ఆడపడుచు లాంటిది, చిన్న కుదుపుకే ఇల్లంతా లేపుతుంది. రెండోది బండి ఎంత వేగంగా ఒరుగుతోందో చెబుతుంది. అది మా వారి టైపు. ఈ క్షణం సంగతి చక్కగా చెబుతారు, కాసేపటికి అసలు ఎక్కడ మొదలుపెట్టారో మరిచిపోతారు. మొదటిదాన్ని నమ్మితే బొమ్మ వణికేది. రెండోదాన్ని నమ్మితే బొమ్మ మెల్లగా తనంతట తానే పక్కకు జారుకునేది. ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయడం లెక్కలాయన పని, ఆ రాజీ కంటికి సాఫీగా కనిపించేలా చేయడం అమ్మాయి పని.

నిలబడి ఉన్న బండికి బొమ్మ కూడా నిటారుగా, సమంగా నిలబడాలి. ఆ స్థితికి మా గదిలో ఒక పేరు పడిపోయింది. లెక్కలాయన తన బల్ల దగ్గర్నుంచే అరిచేవాడు.

"బొమ్మ సీదా అయిందా?"

"అయింది అన్నా, సీదానే ఉంది," అనేది అమ్మాయి.

నాకూ అలవాటైపోయింది. ఇంట్లో గోడమీద ఫొటో పక్కకు ఒరిగితే "సీదా చేయండి" అంటే మా వారు నా మొహం వంక చూశారు. హైదరాబాదు వచ్చి ఇన్నేళ్ళయినా అండీ గిండీ వదలని మనిషివి, ఇప్పుడిదేం భాష అని.

బొమ్మ కుదిరాక ఒక చిన్న పని మిగిలింది. గతుకుల్లో తిరిగి తిరిగి పెట్టె బిగింపు కాస్త కదిలినా లెక్క తప్పుతుంది కాబట్టి, రోజూ పొద్దున బండిని చదునైన నేల మీద ఉంచి డ్రైవరు ఒక బటన్ నొక్కాలని పెట్టుకున్నాం. నొక్కితే ఆ రోజుకి 'ఇదే సమం' అని పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. ఆ సంగతి తెర మీద తెలుగులో రాయాలి. తెలుగు కాబట్టి నాకు అప్పగించారు. "వాహనమును సమతల ప్రదేశమున నిలిపి మీట నొక్కవలెను" అని రాసిచ్చాను. లెక్కలాయన అది చదివి కుర్చీలోంచి పడబోయాడు.

"ఏంది మేడం ఇది? డ్రైవర్లకు పరీక్ష పెడ్తున్నరా? నొక్కవలెను అంట! ఇది చదివేసరికి ఆయన డ్యూటీ అయిపోతది."

"మరి నువ్వే చెప్పు నాయనా."

"బండి సీదా పెట్టి బటన్ నొక్కండి. అయిపాయె."

అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను మూతి ముడుచుకున్నాను గానీ, నాకూ అదే బాగుందనిపించింది. తెర మీద పెట్టేశాం. లారీల కంపెనీ యార్డులో కాంక్రీటు నేల మీద పరీక్షించాం. అద్దంలా పనిచేసింది. తర్వాత ఆ తెరలు బిగించిన కొన్ని టిప్పర్లను పుప్పాలగూడ చుట్టుపక్కల కట్టడాల దగ్గర పనిలోకి పంపారు. గుట్టలు కొట్టి అపార్టుమెంట్లు లేపుతున్న చోట్లు అవి.

అక్కడి నుంచి మొదలైంది మా పరేషాన్.

ఒక బండిలో బొమ్మ చదును నేల మీదే మూతి కిందికి వేలాడేసింది. ఇంకోదాంట్లో ఎడమకు ఒరిగింది. అదే బండిలో మర్నాడు కుడికి ఒరిగింది. రోజుకో తీరు, బండికో తీరు. పెట్టెలు తెప్పించి మా బల్లల మీద పెట్టి చూస్తే బంగారంలా పనిచేస్తున్నాయి. తిరిగి పంపితే మళ్ళీ అదే తంతు.

"నీ బొమ్మనే లేటుగ కదులుతుందేమో," అని లెక్కలాయన అమ్మాయి మీదికి పోయాడు.

"నాకు మీరు ఏ అంకె ఇస్తే అదే చూపిస్తా అన్నా. మీ సెన్సారే జారుతున్నట్టుంది," అని ఆ అమ్మాయి అంది. అన్నాక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఇద్దరినీ తిట్టి టీకి తీసుకెళ్ళాను.

నిజంగా భయపెట్టింది తర్వాత వచ్చిన ఫోను. ఒక చోట డ్రైవరు తొట్టి లేపుతుంటే బండి ఒక పక్కకు ఒరిగి, రెండో పక్క చక్రాలు నేల విడిచి తేలిపోయాయట. ఆయన చెయ్యి చురుకైంది కాబట్టి వెంటనే తొట్టి దించేశాడు, బతికిపోయాడు. అప్పుడు తెర మీద మా బొమ్మ ఏ రంగులో ఉందని అడిగాను. పచ్చగా ఉందట.

ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. మనిషిని కాపాడాలని గీసిన బొమ్మ మనిషిని చంపబోయింది. ఆ రోజు మధ్యాహ్నం మా ముగ్గురిలో ఎవ్వరం అన్నం డబ్బాలు విప్పలేదు.

లారీల కంపెనీ నుంచి ఈ పని చూసే పెద్దాయన వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. అలాంటి వాళ్ళతోనే కష్టం.

"చూడండి మేడం," అన్నాడు, "బొమ్మలు పిల్లలకి బాగుంటాయండి. డ్రైవరుకి ఒక ఎర్రదీపం, ఒక గంట చాలు. వేరేవాళ్ళ దగ్గర అలాంటిది రెడీగా ఉంది. అయినా మీ కష్టం చూశాను కాబట్టి ఒక అవకాశం ఇస్తాను. పుప్పాలగూడ సైటుకి నేనే వస్తాను. బండి ఎలా ఉంటే బొమ్మ అలా ఉందా, ఈ తెర అన్ని బండ్లలోకీ వెళ్తుంది. లేదా, ఆ రోజే తెరలు పీకించేస్తాను."

ఆయన వెళ్ళాక చందానగర్ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"మ్యామ్, నా బొమ్మ తీసేస్తారా?"

"నీ బొమ్మేంటి, మన బొమ్మ," అన్నాను. దాని వయసు పిల్లకి ఇంకో వంద బొమ్మలు దొరుకుతాయి. నాకు ఇదే ఆఖరు. ఇది పోతే వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేకుండానే ఇంటికి పోతాను. ఆ దిగులుతో పాటు ఒళ్ళు మండిపోయేంత కోపం కూడా ఉంది. మా లెక్కలో తప్పు లేదు, మా బొమ్మలో తప్పు లేదు. మరి తప్పు ఎక్కడుంది?

ఆయన వస్తానన్న రోజు రానే వచ్చింది. లెక్కలాయన, అమ్మాయి ఆఫీసు కారులో ముందే సైటుకి చేరారు. నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు దాకా ఎలాగో వచ్చి, అక్కడ ఆటో ఎక్కాను. పుప్పాలగూడ దాటాక, లారీలను తూచే వేబ్రిడ్జి పక్కనుంచి ఒక మట్టిరోడ్డు గుట్ట మీదికి తిరిగింది. ఆటో మూతి ఆకాశం వైపు లేచింది. నా ఒళ్ళోని సంచి జారి పొట్టకు ఆనుకుంది. ఇంజను గుక్కపెట్టి ఏడుస్తోంది.

"ఇంకా ఎంత దూరం బాబూ?" అన్నాను రాడ్డు పట్టుకుని వేలాడుతూ.

"ఎంతో లేదమ్మా. ఇగ సీదా పోవుడే."

"సీదా ఏంటయ్యా! ఇంత ఎక్కుడు పెట్టుకుని!"

ఆటో అతను అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు. "ఎక్కుడుంటే ఏందమ్మా? మలుపు లేదు గదా. సీదానే."

ఒక్క క్షణం నాకు ఆటో చప్పుడు కూడా వినిపించలేదు. మలుపు లేకపోతే సీదా. నేల ఎంత ఏటవాలుగా ఉన్నా సీదానే. ఊరంతా ఆ మాటను అలాగే వాడుతుంది, మా ముగ్గురి గదిలో తప్ప.

ఫోను తీసి లెక్కలాయనకు చేశాను.

"నాయనా, సీదా అంటే ఏంటి?"

"మేడం, పెద్దాయన వస్తున్నడు, ఈడ మేం టెన్షన్‌తోని చస్తున్నం. మీకు గిప్పుడు తెలుగు క్లాసు కావాల్నా?"

"చెప్పు ముందు. మీ ఊళ్ళో, మీ నాన్నగారు సీదా అంటే ఏమని అర్థం?"

"సీదా అంటే సీదా మేడం. వంకర లేకుంట, అటు ఇటు తిరగకుంట..." అని ఆగిపోయాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అయ్యో మేడం."

"ఆ అయ్యో అనే లోపు నేను వచ్చేస్తున్నాను. ఆ డ్రైవరుని ఎక్కడికీ పోనివ్వకు," అన్నాను. ఆటో అతనికి దిగేటప్పుడు దండం పెట్టాను. ఆయన కంగారుపడి తిరిగి నాకు దండం పెట్టాడు.

సైటులో టిప్పర్ గుట్టవారగా నిలబెట్టి ఉంది. వెనక చక్రాలకు రెండు పెద్ద రాళ్ళు అడ్డం పెట్టారు. క్యాబిన్‌లో మా తెర మీద ఎర్రగళ్ళ తువాలు కప్పి ఉంది. డ్రైవరు పాలమూరు మనిషి, నడివయసువాడు. బండి తేలిపోయినప్పుడు స్టీరింగు మీద ఉన్నది ఈయనే.

"తువాలు ఎందుకు కప్పారు బాబూ?" అన్నాను.

"అది అబద్ధం చెప్తది మేడం. దాని మొఖం చూడబుద్ధి కాలే," అన్నాడు సూటిగా. నాకు చెంప మీద కొట్టినట్టయింది, కానీ అప్పుడు నొచ్చుకోవడానికి తీరిక లేదు.

"పొద్దున బటన్ ఎలా నొక్కుతారో ఒక్కసారి చేసి చూపిస్తారా?"

"గిట్లనే మేడం. రాత్రి ఏడ ఆపితే ఆడనే. చక్రాలు సీదా చేస్త, నొక్కుత." స్టీరింగు తిప్పి ముందు చక్రాలు తిన్నగా చేసి చూపించాడు. "రాసిండ్రు గదా సీదా పెట్టమని. ఒక్కదినం గూడ తప్పలే. గా రోజు గుట్టకు అడ్డంగ ఆపినుండె, అయినా సరే, సీదా చేసే నొక్కిన."

గుట్టకు అడ్డంగా, ఒక పక్క పల్లంలో, ఒక పక్క మిట్టలో ఉన్న బండికి మా పెట్టె 'ఇదే సమం' అని గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత అలాగే వాలిన నేల మీద తొట్టి లేపితే పచ్చగా చూపించింది. బండి రోజుకో చోట ఆగుతుంది కాబట్టి తప్పు రోజుకో తీరుగా వచ్చింది. ఆయన మేం చెప్పింది చెప్పినట్టు చేశాడు. పెట్టె కూడా ఆయన చెప్పింది చెప్పినట్టు నమ్మింది. సెన్సారు జారలేదు, జారింది మాట.

లెక్కలాయన తల పట్టుకుని రాయి మీద కూలబడ్డాడు. అమ్మాయి మాత్రం నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వు చూశాను.

"అంటే నా బొమ్మ కరెక్టేనా మ్యామ్?"

"నీ బొమ్మ కరెక్టు, ఆయన లెక్క కరెక్టు, డ్రైవరుగారు కరెక్టు. లే నాయనా, కూర్చునే టైము కాదు."

అంతలో పెద్దాయన కారు వచ్చింది. సంగతంతా గబగబా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మాటలు బాగానే ఉన్నాయండి. బండి చూపించండి," అన్నాడు.

చూపించాలంటే ముందు చదునైన నేల కావాలి. గుట్ట మీద చదును ఎక్కడ? అందరం అటూ ఇటూ చూస్తున్నాం. నాకు వస్తూ చూసిన వేబ్రిడ్జి గుర్తొచ్చింది. లారీ బరువు సరిగ్గా తూగాలంటే ఆ ఇనుప పలక సమంగా ఉండాలి కదా! బండిని కిందికి దింపించి దాని మీద ఎక్కించే ముందు, పెద్దాయన చేతిలోని నీళ్ళ బాటిల్ అడిగి తీసుకుని పలక మీద అడ్డంగా పడుకోబెట్టాను. దొర్లలేదు. ఇటు తిప్పి పెట్టాను. అటూ దొర్లలేదు.

"ఇప్పుడు ఎక్కించండి బాబూ. ఎక్కించి బటన్ నొక్కండి."

డ్రైవరు తువాలు తీసి భుజాన వేసుకుని నొక్కాడు. బొమ్మ ఒకసారి కదిలి సమంగా నిలబడింది.

పెద్దాయన క్యాబిన్ ఎక్కాడు. నేనూ ఎక్కుతానన్నాను. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, కమ్మీ ఒక చేత్తో పట్టుకుని, కింద నుంచి అమ్మాయి ఒక తోపు తోస్తే ఎలాగో ఎక్కి కూర్చున్నాను. టిప్పర్ల బొమ్మలు అన్ని రోజులు దిద్దాను గానీ టిప్పర్ ఎక్కడం అదే మొదటిసారి. ఏం ఎత్తండీ అది! కింద నిలబడ్డ లెక్కలాయన చిన్న పిల్లాడిలా కనిపించాడు.

బండి గుట్ట రోడ్డు ఎక్కింది. మా మూతులు లేచాయి, బొమ్మ మూతి కూడా లేచింది. మాతో పాటే, మేం ఎంత లేస్తే అంత. గుంటలో చక్రం పడి నా తల పైకప్పుకు తగిలింది గానీ బొమ్మ వణకలేదు. లెక్కలాయన చేసిన రాజీ అది. పైకెళ్ళాక పెద్దాయన అడ్డంగా తిప్పించాడు. సరిగ్గా ఆ డ్రైవరు బండి తేలిపోయిన చోటే ఆపించాడు. నేను ఒక పక్కకు జారి తలుపుకు ఆనుకున్నాను. తెర మీద బొమ్మ కూడా అదే పక్కకు ఒరిగింది. పసుపు అయింది. బండి ఇంకో అడుగు పల్లంలోకి దిగింది. ఎరుపు.

"ఇక్కడ తొట్టి లేపుతావా?" అన్నాడు పెద్దాయన.

"అస్సలు లేప సార్."

"బొమ్మ ఎర్రగా ఉందనా? లేక నీకే తెలుస్తోందా?"

డ్రైవరు కిటికీలోంచి నేల వంక చూశాడు, తెర వంక చూశాడు. "రెండూ ఒక్కటే చెప్తున్నయ్ సార్," అన్నాడు.

ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. నా సర్వీసంతటిలో నాకు దొరికిన సర్టిఫికెట్లు అన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సాటిరావు. డ్రైవరు భుజాన ఉన్న తువాలు తీసి తెర మీది దుమ్మును మెల్లగా తుడిచాడు. బండిని వెనక్కి తీసి, కాస్త చదునుగా ఉన్న చోటికి తెచ్చాడు. బొమ్మ పచ్చబడింది. మీట లాగాడు. వెనక తొట్టి లేస్తుంటే తెర మీద బుల్లి తొట్టి కూడా దానితో పాటు లేచింది. లోపలున్న మొరం మట్టి జరజరా జారింది. మా వెనకే కారులో వచ్చి కింద లాప్‌టాప్‌లో అదే బొమ్మ చూస్తున్న చందానగర్ అమ్మాయి గంతులు వేస్తోంది, లెక్కలాయన విజిల్ వేశాడు. నేను పెద్దాయన పక్కన కూర్చుని ఉన్నానన్న సంగతి కూడా మరిచి చప్పట్లు కొట్టేశాను.

దిగాక పెద్దాయన బట్టలకంటిన దుమ్ము దులుపుకున్నాడు. "అన్ని బండ్లకీ పెట్టేద్దామండి," అన్నాడు. "ఆ సీదా మాత్రం మార్చండి. వేబ్రిడ్జి మీద నొక్కమని రాయండి. ఎలాగూ రోజూ లోడు తూయించడానికి వెళ్తారు."

"కాటా మీద ఉంచి నొక్కండి అని రాస్తాను," అన్నాను హుషారుగా.

"కాటా ఏంది మేడం?" అన్నాడు లెక్కలాయన. అప్పటికి ప్రాణం తిరిగొచ్చింది ఆయనకి. "కాంటా. సున్న ఎటు పోయింది?"

"మా వైపు సున్న ఉండదు నాయనా."

"మీ వైపు బండ్లు గాదు మేడం ఇవి, మా దిక్కు బండ్లు. కాటా అంటే పాము కాటా అనుకుంటరు."

"నువ్వు రాసిన మాట వల్ల కాదూ ఇంత తిప్పలు పడ్డది?"

"మీరు రాసింది ఉంచితే డ్రైవర్లు గింతవరకు చదువుకుంటనే ఉండేటోళ్ళు!"

డ్రైవరు పకపకా నవ్వుతున్నాడు. పెద్దాయన రెండు చేతులూ ఎత్తాడు.

"ఆపండమ్మా, ఆపండి! అసలు మాటే వద్దు. ఈ అమ్మాయి ఉంది కదా. బండి వచ్చి వేబ్రిడ్జి ఎక్కి నిలబడినట్టు, చెయ్యి బటన్ నొక్కినట్టు ఒక బొమ్మ పెట్టండి. ఎవరికైనా అర్థమవుతుంది."

నేను ఊరుకోవచ్చు. ఊరుకునే మనిషినైతే ఇంత దూరం వచ్చేదాన్నా?

"బొమ్మలు పిల్లలకి అన్నారు కదండీ?" అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి గట్టిగా నవ్వేశాడు. "అన్నానండి. ఇంకోటి కావాలంటున్నాను," అన్నాడు.

చందానగర్ అమ్మాయి ఆ బొమ్మను మర్నాటికల్లా చేసి చూపించింది. ఒక్క అక్షరం లేదు. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళకి చూపించినా, మా వారికి చూపించినా, మా అపార్టుమెంటు వాచ్‌మన్‌కి చూపించినా బండిని ఎక్కడ పెట్టి ఏం నొక్కాలో టక్కున చెప్పారు. లెక్కలాయన కూడా ఊరుకోలేదు. నొక్కిన చోటు బాగా వాలి ఉందని అనుమానం వస్తే బటన్ పనిచేయకుండా లెక్కలో ఒక అడ్డు పెట్టాడు. తర్వాత నేను రిటైరయ్యాను. వీడ్కోలు రోజున ఇద్దరూ కలిసి నాకో చిన్న బహుమతి ఇచ్చారు. ఇత్తడి టిప్పర్ బొమ్మ. దాని కింద చెక్కించిన మాట "మేడం ఎప్పుడూ సీదా". ఏ అర్థంలో అని లెక్కలాయన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

మొన్న చందానగర్ నుంచి సిటీ బస్సులో వస్తున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగింది. నా కిటికీ పక్కనే ఒక టిప్పర్ వచ్చి నిలబడింది. బస్సు కూడా ఎత్తే కాబట్టి మునివేళ్ళ మీద లేవాల్సిన పని పడలేదు. క్యాబిన్‌లో తెర ఉంది. తువాలు డ్రైవరు మెడలో ఉంది. తెరలో బుల్లి టిప్పర్ ఉంది. ఫ్లైఓవర్ ఎంత ఎక్కుడుగా ఉందో అంత మూతి పైకెత్తి, పచ్చగా, నిబ్బరంగా నిలబడి ఉంది.

పక్క సీట్లో కూరగాయల సంచితో ఉన్న ఒకావిడను మోచేత్తో పొడిచాను. "అదిగో, అది నేను చేసిందండీ," అన్నాను.

ఆవిడ వంగి చూసింది. "ఏంది? గంత పెద్ద లారీనా?"

"లారీ కాదండీ. లారీలో ఇంకో లారీ ఉంది చూడండి, చిన్నది. అది."

జీవితంలో మొదటిసారి వేలు పెట్టి చూపించాను.